అంత స్పీడ్‌లో వెళ్లానని ఎవరు చెప్పారు? స్టాప్‌వాచ్ కాలం నుంచి ఈ-చలాన్ దాకా

మొన్న మా బావగారు ఫోన్ నా ముందు పెట్టి, "చూడరా, అక్కడ లిమిట్ 80 అట, నేను 97లో వెళ్లానట, నాకైతే అంత స్పీడ్ వెళ్లినట్టు గుర్తే లేదు" అన్నారు. ఫొటోలో కారు వెనక భాగం, నంబర్ ప్లేటు, కింద తేదీ, టైము, ఆ పక్కన 97. ఫైన్ డబ్బుల గురించి ఆయనకు పెద్ద బాధ లేదు. ఆ 97 ఎక్కడినుంచి వచ్చింది, దేంతో కొలిచారు, కాదని నేనంటే ఎవరి మాట చెల్లుతుంది, ఇదీ ఆయన టెన్షన్.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1905 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో కార్లు నడిపినవాళ్లు సరిగ్గా ఇదే అడిగారు, కోర్టులకెక్కారు, దీనికోసం ఒక సంఘమే పెట్టుకున్నారు. అప్పుడు వాళ్ల చట్టంలో చేరిన రక్షణలను పోలినవి ఇప్పటి మన మోటారు వాహనాల చట్టంలోనూ ఉన్నాయి. అందుకే ఆ కథ మనకు అక్కర్లేదని పక్కన పెట్టడానికి లేదు.

ఒక్క విషయం ముందే విడదీసి పెట్టుకుందాం. స్పీడ్ మీద ఎప్పుడు గొడవ జరిగినా అందులో రెండు ప్రశ్నలు కలిసిపోతాయి. లిమిట్ ఎంత ఉండాలి అన్నది మొదటిది. ఫలానా మనిషి ఆ లిమిట్ దాటాడని ఎలా రుజువు చేయాలి అన్నది రెండోది. మనం టీ కొట్టు దగ్గర వాదించుకునేది మొదటిదే, కేసు తేలేది మాత్రం రెండోదాని మీద.

కారు రాకముందే వచ్చిన లిమిట్

బ్రిటన్‌లో ఇంజిన్‌తో నడిచే బండ్లకు దేశమంతటా వర్తించే స్పీడ్ లిమిట్ 1861లో వచ్చింది. ఊరి బయట గంటకు 10 మైళ్లు, ఊళ్లో 5. అప్పటికి మనమనుకునే కారు లేదు. రోడ్డు మీద తిరిగేవి నూర్పిడి యంత్రాలనూ బరువులనూ లాగే ఆవిరి ఇంజిన్లు, ఒక్కోటి టన్నుల బరువు. 1865లో ఆ లిమిట్‌ని ఇంకా బిగించి ఊరి బయట 4, ఊళ్లో 2 చేశారు. మైలు అంటే 1.6 కిలోమీటర్లు, కాబట్టి 2 మైళ్లంటే గంటకు 3.2 కిలోమీటర్లు. చేతిలో కూరగాయల సంచితో సంత నుంచి ఇంటికొచ్చే మనిషి కూడా అంతకన్నా వేగంగానే నడుస్తాడు. పైగా బండికి ముగ్గురు మనుషులుండాలి, వాళ్లలో ఒకరు కనీసం 60 గజాల ముందు ఎర్రజెండా పట్టుకుని నడవాలి. 1878లో జెండా తప్పనిసరి కాకుండా పోయింది, బండికి 20 గజాల ముందు ఒక మనిషి నడవాలన్న నియమం మాత్రం ఉండిపోయింది.

ఈ రోజు చూస్తే వింతగా ఉంటుంది గానీ, ఆనాటి రోడ్డు మీద నిలబడి ఆలోచిస్తే కారణాలు కనిపిస్తాయి. రోడ్డంతా గుర్రాలు. ఆవిరి ఇంజిన్ చప్పుడుకి, పొగకి గుర్రం బెదిరితే బండిలోవాళ్ల ప్రాణాలకే ముప్పు. పాత వంతెనలు ఆ బరువు ఓర్చుకునేవి కావు. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, 1890ల్లో తేలికపాటి పెట్రోల్ కార్లు వచ్చాక కూడా వాటికి అదే చట్టం వర్తించింది.

అలా పట్టుబడిన మనిషే వాల్టర్ ఆర్నాల్డ్. 1896 జనవరి 28న కెంట్ జిల్లాలోని ప్యాడక్ వుడ్ అనే ఊళ్లో, 2 మైళ్లు మించకూడని చోట సుమారు 8 మైళ్ల వేగంతో వెళ్లాడు. ఒక కానిస్టేబుల్ సైకిలెక్కి ఐదు మైళ్ల దూరం వెంటపడి పట్టుకున్నాడు. ముందు మనిషి నడవకపోవడం లాంటి మరికొన్ని నేరాలు కూడా మోపారు గానీ, స్పీడ్‌కి పడిన ఫైన్ ఒక షిల్లింగ్, అంటే పౌండులో ఇరవయ్యో వంతు, దానిమీద కోర్టు ఖర్చులు. స్పీడ్‌కి ఫైన్ కట్టిన మొదటి కారు డ్రైవర్‌గా ఇతని పేరే చెబుతుంటారు. మూడేళ్లకు, 1899 మే 20న, న్యూయార్క్‌లో జేకబ్ జర్మన్ అనే ట్యాక్సీ డ్రైవర్‌ని లెక్సింగ్టన్ అవెన్యూ మీద గంటకు 12 మైళ్ల వేగంతో వెళ్తున్నాడని పట్టుకున్నారు, అక్కడ లిమిట్ 8. అతను నడిపింది కరెంటు బ్యాటరీ బండి. పట్టుకున్నది మళ్లీ సైకిల్ మీద వచ్చిన పోలీసే.

ఈ రెండు కేసుల్లోనూ రుజువు చాలా తేలిక. పోలీసు వెంటపడ్డాడు, అందుకున్నాడు, ఎంత వేగంతో తొక్కితే అందిందో అతనికి ఒక అంచనా ఉంది. కారు సైకిల్‌ని దాటిపోయిన రోజున ఈ పద్ధతి చెడిపోయింది.

12 నుంచి 20కి, దానితో వచ్చిన నంబర్ ప్లేటు

1896 నవంబర్ 14న కొత్త చట్టం అమల్లోకొచ్చి తేలిక కార్లను ఆ పాత నియమాల నుంచి విడిపించింది. చట్టం 14 మైళ్లు ఇచ్చింది, స్థానిక పాలన చూసే బోర్డు దాన్ని 12కి తగ్గించింది. 1903 చట్టం దాన్ని 20కి, అంటే సుమారు 32 కిలోమీటర్లకు పెంచింది. ఇది 1904 జనవరి 1 నుంచి అమలైంది. స్థానిక సంస్థలు అడిగితే కొన్ని చోట్ల 10 మైళ్ల లిమిట్ పెట్టుకునే వీలుంది. అలాంటి చోట 18 అంగుళాల తెల్లని వలయం, దాని కింద అంకె ఉన్న పలక పెట్టాలి.

లిమిట్ పెంచినందుకు బదులుగా కారువాళ్ల మీద పడిందే నంబర్ ప్లేటు. రిజిస్ట్రేషన్‌కి ఒక పౌండు, డ్రైవింగ్ లైసెన్స్‌కి 5 షిల్లింగులు. డ్రైవింగ్ టెస్ట్ లేదు, డబ్బు కడితే లైసెన్స్ వస్తుంది. నంబర్ ఎందుకంటే, అప్పటిదాకా కారు ఆగకపోతే పోలీసు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు నంబర్ రాసుకుంటే చాలు, బండి ఎవరిదో తర్వాత తెలుసుకోవచ్చు. మా బావగారికి ఇంట్లో కూర్చుని ఉండగా చలాన్ వచ్చిందంటే దాని మొదలు ఇక్కడే.

ఈ చట్టంలో రెండు వేర్వేరు నేరాలున్నాయి. వీటి తేడా తెలియకపోతే తర్వాతి గొడవంతా అర్థం కాదు. ఒకటి, జనానికి ప్రమాదం కలిగేలా నడపడం, స్పీడ్ ఎంతైనా సరే. రెండు, 20 మైళ్లు దాటడం, ప్రమాదం ఉన్నా లేకపోయినా. ఉదాహరణకు, సంతరోజు కిక్కిరిసిన వీధిలో ఒకతను 15 మైళ్ల వేగంతో జనం మధ్యలోంచి దూసుకెళ్లాడు. మొదటి నేరం అవుతుంది, రెండోది కాదు. ఇంకొకతను తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 26 మైళ్లు వెళ్లాడు, కనుచూపు మేరలో మనిషి లేడు. రెండో నేరం అవుతుంది, మొదటిది కాదు.

ఇద్దరిలో ఎవరిని శిక్షించడం సులువు? రెండోవాడినే. మొదటి కేసులో సాక్షులు కావాలి, ఎంత ప్రమాదం అన్న వాదన నడుస్తుంది. రెండో కేసులో ఒక అంకె చాలు.

పొదల కంచె వెనక స్టాప్‌వాచ్

ఆ అంకె ఎలా పుట్టేదో దగ్గరగా చూద్దాం. పోలీసులు రోడ్డు మీద కొంత దూరం టేపుతో కొలిచి పెట్టుకునేవారు. తరచుగా అది ఒక ఫర్లాంగు, అంటే 220 గజాలు, మన లెక్కలో 201 మీటర్లు. ఒక చివర ఒక కానిస్టేబుల్, రెండో చివర చేతిలో స్టాప్‌వాచ్‌తో ఇంకొకరు, ఇద్దరూ రోడ్డు పక్క ఏపుగా పెరిగిన పొదల కంచె వెనక. కారు మొదటి గుర్తు దాటగానే అక్కడివాడు రుమాలు ఊపుతాడు, రెండోవాడు వాచ్ నొక్కుతాడు. కారు తన ముందుకు రాగానే మళ్లీ నొక్కుతాడు. తర్వాత రోడ్డు మీదకొచ్చి చెయ్యి అడ్డం పెడతాడు.

లెక్క సులువే. ఫర్లాంగు అంటే మైలులో ఎనిమిదో వంతు, గంటకు 3,600 సెకన్లు, కాబట్టి 450ని సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని మైళ్లో వస్తుంది. ఫర్లాంగు దాటడానికి 22.5 సెకన్లు పడితే సరిగ్గా 20 మైళ్లు. 18 సెకన్లు పడితే 25.

ఇప్పుడు తప్పు ఎక్కడ దూరుతుందో చూడండి. దూరంగా రుమాలు ఊగడం కంటికి కనపడి, వేలు కదిలి, వాచ్ నొక్కుకునేసరికి కొంత సమయం పోతుంది. ఒక్క సెకను పోయిందనుకుందాం. చివర్లో కారు కళ్ల ముందే వస్తుంది కాబట్టి అక్కడ ఆలస్యం తక్కువ. అంటే వాచ్‌లో అసలు కన్నా తక్కువ సమయం పడుతుంది, స్పీడ్ ఎక్కువ కనిపిస్తుంది. 20 మైళ్ల వేగంతో వెళ్లినవాడికి 22.5కి బదులు 21.5 సెకన్లు నమోదవుతాయి, లెక్కలో 20.9 మైళ్లు వస్తుంది. ఇదే దూరం సగం, 110 గజాలే అయితే తప్పు రెట్టింపవుతుంది. అక్కడ నిజంగా 19 మైళ్లతో వెళ్లేవాడికి 11.84 సెకన్లు పట్టాలి. ఒక సెకను తగ్గితే 10.84, అంటే దాదాపు 20.8 మైళ్లు. నియమం పాటించినవాడు కాగితం మీద దోషి అయ్యాడు.

అయితే పోలీసుల వైపు నుంచి కూడా ఇదే లెక్క చూడాలి. అదే 110 గజాలను 30 మైళ్లతో దాటినవాడికి 7.5 సెకన్లు పడుతుంది. వాచ్ ఒక సెకను అతనికే అనుకూలంగా తప్పినా 26 మైళ్లు దాటే ఉంటుంది. అంటే ఈ కొలతలో అన్యాయం లిమిట్‌కి దగ్గరగా ఉన్నవాళ్లకే, బాగా దాటినవాళ్లకి వాచ్‌ని తప్పుపట్టే ఆస్కారం తక్కువ. నా మట్టుకు నాకు ఆ కాలం వాదనల్లో అందరూ వదిలేసిన విషయం ఇదేననిపిస్తుంది. కారువాళ్లు కొలతంతా బూటకం అన్నారు, పోలీసులు కొలతంతా కచ్చితం అన్నారు. నిజం ఏ కేసుకి ఆ కేసులో ఉంది.

ఇంకో ఇబ్బంది, ఆనాటి చాలా కార్లలో స్పీడోమీటరే లేదు. బ్రిటన్‌లో కొత్త కార్లకు అది తప్పనిసరి అయింది 1937లో. తన స్పీడ్ ఎంతో డ్రైవర్‌కే సరిగ్గా తెలియదు, కాబట్టి కోర్టులో "నేను 18లోనే వెళ్లాను" అనడానికి అతని దగ్గర ఆధారం ఉండేది కాదు.

కోర్టులో ఏం జరిగేది

1903 చట్టం రాసినవాళ్లు ఈ ప్రమాదం కొంత ముందే ఊహించారు. అందుకే రెండు రక్షణలు పెట్టారు. ఒకటి, ఒకే ఒక్క సాక్షి "నా అంచనాలో ఇతను 20 దాటాడు" అన్నంత మాత్రాన శిక్ష వేయకూడదు. రెండు, కేసు పెడతామని అక్కడికక్కడే హెచ్చరించాలి, లేదా 21 రోజులు మించకుండా నోటీసు పంపాలి. నెలల తర్వాత వచ్చి "ఫలానా రోజు నువ్వు ఫలానా స్పీడ్‌లో వెళ్లావు" అంటే ఎవరు మాత్రం ఏం గుర్తు తెచ్చుకోగలరు?

మొదటి రక్షణ గట్టిగా నిలవలేదు. 1906 నాటి ఒక కేసులో, కొలిచిన దూరం మీద స్టాప్‌వాచ్ చూసి చెప్పినది ఉత్త అభిప్రాయం కాదని, వాచ్ ఆ మాటకు బలం ఇస్తుందని కోర్టు అంది. దాంతో వాచ్ పట్టుకున్న కానిస్టేబుల్ ఒక్కడి మాటా చెల్లింది.

ఫైన్ మొదటిసారి 10 పౌండ్ల దాకా, రెండోసారి 20, ఆ తర్వాత 50 దాకా. వారానికి ఒక పౌండు కూడా రాని వ్యవసాయ కూలీలున్న రోజుల్లో 10 పౌండ్లు పెద్ద మొత్తం. కారున్నవాళ్లు మాత్రం డబ్బున్నవాళ్లే, చాలాసార్లు దెబ్బ పడింది జీతానికి నడిపే డ్రైవర్ల మీద, ఎందుకంటే మళ్లీ మళ్లీ పట్టుబడితే శిక్ష వాళ్ల లైసెన్స్ మీదే నమోదయ్యేది.

ఎవరి బాధ వాళ్లది. కారువాళ్ల ఫిర్యాదు: ట్రాప్, అంటే ఇలా దాక్కుని స్పీడ్ కొలిచి పట్టుకునే మాటు, వేయాలంటే పొడుగ్గా, సూటిగా, దాక్కోవడానికి చోటున్న రోడ్డు కావాలి, అంటే ప్రమాదం తక్కువున్న చోటే పట్టుకుంటున్నారు, స్కూలు ముందో మలుపులోనో కాదు, ఇది ఫైన్ల కోసమే. సర్రే జిల్లా ఇందులో బాగా పేరుమోసింది. అక్కడి పోలీసు అధిపతి కెప్టెన్ మౌబ్రే సాంట్ అంటే కారువాళ్లకి హడల్, గోడాల్మింగ్ ఊరి దగ్గరి ట్రాప్‌ల గురించి లండన్ దాకా చెప్పుకునేవారు. పల్లెవాళ్ల మాట వేరు. తారు లేని రోడ్లు, ఒక కారు వెళ్తే దుమ్ము ఇళ్లలోకి, ఆరేసిన బట్టల మీదకి, తోటల మీదకి. గుర్రాలు బెదరడం, కోళ్లూ కుక్కలూ చక్రాల కింద పడటం, పిల్లల్ని వీధిలోకి వదలాలంటే భయం. రోడ్డు తరతరాలుగా వాళ్లది, కారు నిన్న వచ్చింది. పల్లెవాళ్ల మాట నాకు కొట్టిపారేసేదిగా కనిపించదు. కానీ వాళ్లు కోరుకున్నది ఊళ్లో నెమ్మదిగా వెళ్లమని, ట్రాప్ జరిగింది ఊరి బయట ఖాళీ రోడ్డు మీద.

సెల్యూట్ కొట్టకపోతే ఆగండి

1905లో లండన్ నుంచి బ్రైటన్ వెళ్లే రోడ్డు మీద కొందరు కారువాళ్లు సైకిల్ కుర్రాళ్లను పెట్టారు. పని ఒకటే, ముందు ట్రాప్ ఉందో లేదో చూసి వచ్చే కార్లకు చెప్పడం. ఆ ఏడాది జూన్ 29న లండన్‌లోని ట్రొకడీరో రెస్టారెంట్‌లో సమావేశమై ఆటోమొబైల్ అసోసియేషన్ మొదలుపెట్టారు. ఇవాళ బ్రిటన్‌లో రోడ్డు మీద బండి ఆగిపోతే ఫోన్ చేసే ఏఏ అదే.

ఇలా హెచ్చరించడం నేరమా? దీనిమీద రెండు తీర్పులు వచ్చాయి. బాస్టబుల్ వర్సెస్ లిటిల్ కేసులో, 1907 నాటి లా రిపోర్టుల్లో, అంటే తీర్పుల సంపుటాల్లో, ఉంది, హెచ్చరిక అందుకున్న కార్లు అప్పటికే లిమిట్ దాటి వెళ్తున్నాయని రుజువు లేదు కాబట్టి పోలీసుల పనికి అడ్డుపడినట్టు కాదన్నారు. 1910 రిపోర్టుల్లోని బెట్స్ వర్సెస్ స్టీవెన్స్‌లో ఆ కార్లు నిజంగానే లిమిట్ దాటి వస్తున్నాయని తేలింది, జరుగుతున్న నేరానికి సాక్ష్యం దొరక్కుండా చేశాడు కాబట్టి ఏఏ మనిషి దోషి అన్నారు. తేడా చిన్నది గానీ అర్థముంది: నియమం పాటించమని అందరికీ చెప్పడం ఒకటి, నేరం చేస్తూ వస్తున్నవాడిని ఆ క్షణంలో తప్పించడం ఇంకొకటి.

దీనికి ఏఏ ఒక దారి కనిపెట్టింది. దాని మనిషి సంఘం బ్యాడ్జీ ఉన్న ప్రతి కారుకీ సెల్యూట్ కొడతాడు. కొట్టకపోతే ముందు ట్రాప్ ఉందని అర్థం, అప్పుడు కారాపి ఎందుకు కొట్టలేదో అడగాలని సభ్యులకు చెప్పారు. ఏమీ చేయనందుకు ఎవరి మీదా కేసు పెట్టలేరు కదా. ఆ సెల్యూట్ 1960ల దాకా సాగింది. మన హైవేల మీద ఎదురొచ్చే లారీ రెండుసార్లు లైట్లు కొడితే ముందు చెకింగ్ ఉందని మనకు అర్థమైపోతుంది, మ్యాప్‌లో ఆడగొంతు ముందు స్పీడ్ కెమెరా ఉందని చెబుతుంది, పని అదే.

లిమిట్ తీసేశారు, మళ్లీ పెట్టారు

ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం 20 మైళ్ల సాధారణ లిమిట్ ఎత్తేయమని 1906లో సిఫార్సు చేసింది. ప్రభుత్వం ఎత్తేయలేదు. మూడేళ్లకని చేసిన 1903 చట్టాన్ని ఏటా పొడిగిస్తూ 1930 దాకా లాక్కొచ్చారు. అప్పటికి దేశంలో కార్లు పది లక్షలు దాటాయి, 20 మైళ్ల నియమాన్ని దాదాపు ఎవరూ పాటించడం లేదు. 1930 చట్టం కార్లకు లిమిట్‌ని పూర్తిగా తీసేసింది.

ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 7,305 మంది. 1934లో 7,343. ఈ అంకెల్ని రెండు పక్షాలూ వాడుకోవచ్చు. లిమిట్ తీసేసినా చావులు పెద్దగా పెరగలేదని ఒకరంటారు. అప్పటికే భయంకరంగా ఉన్నాయి, తగ్గలేదు కదా అని ఇంకొకరంటారు. మధ్యలో వాహనాలు పెరిగాయి, రోడ్లు మారాయి, కాబట్టి ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి లిమిట్ ప్రభావం ఇంత అని తేల్చడం కుదరదు. ప్రభుత్వం మాత్రం 1935 మార్చి 18 నుంచి జనావాసాల్లో 30 మైళ్ల లిమిట్ పెట్టింది, జూన్‌లో డ్రైవింగ్ టెస్ట్ తప్పనిసరి చేసింది. ఈసారి లిమిట్ దేశమంతా ఒకటే కాకుండా, వీధి దీపాలున్న చోట, ఇళ్లున్న చోట పెట్టారు. పల్లెవాళ్లు ముప్పై ఏళ్ల కిందట అడిగింది దాదాపు అదే.

మన చట్టంలో ఏముంది

బ్రిటిష్ పాలనలో 1914లో, తర్వాత 1939లో, స్వతంత్ర భారతంలో 1988లో మోటారు వాహనాల చట్టాలు వచ్చాయి. 1988 చట్టం 183వ సెక్షన్ చదివితే 1903 నాటి మాట వినిపిస్తుంది: ఒకే సాక్షి అభిప్రాయం మీద ఓవర్ స్పీడ్‌కి శిక్ష వేయకూడదు, ఆ అభిప్రాయం యాంత్రిక పరికరంతో వచ్చిన అంచనా అయితే తప్ప. 2019 సవరణలో "ఎలక్ట్రానిక్" అన్న మాట చేర్చారు. అదే సవరణ కార్ల లాంటి తేలిక వాహనాలకు ఫైన్‌ని 1,000కి తగ్గకుండా 2,000 రూపాయల దాకా చేసింది, కోర్టుకి వెళ్లకుండా కట్టే మొత్తాన్ని రాష్ట్రాలు నిర్ణయించుకుంటాయి.

209వ సెక్షన్‌లో ఆ నోటీసు నియమం కూడా ఉంది. అక్కడికక్కడే హెచ్చరించాలి, లేదా 14 రోజుల్లో నోటీసు పంపాలి, లేదా 28 రోజుల్లో సమన్లు అందించాలి. కెమెరా చలాన్లకు 2021లో కేంద్ర నిబంధనల్లో 167ఏ చేర్చారు. దాని ప్రకారం పరికరానికి రాష్ట్రం ఇచ్చిన ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి, చలాన్‌లో ఫొటో, కొలత, తేదీ, సమయం, చోటు, సెక్షన్ ఉండాలి, నోటీసు 15 రోజుల్లో పంపాలి. ఇంకోటి, కెమెరా ఉన్న దారికి ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. సర్రే పోలీసులు పొద వెనక దాచినది ఇక్కడ బోర్డు పెట్టి చెప్పాలి.

ఇవన్నీ చెప్పాక మా బావగారు తేదీలు చూసుకున్నారు. నోటీసు మూడో రోజే వచ్చింది, ఫొటోలో అన్నీ ఉన్నాయి. ఆ ఆదివారం అటు వెళ్తూ కారు నెమ్మది చేసి బోర్డు కోసం వెతికాం. ఉంది. వేపచెట్టు కొమ్మ వంగి సగం కప్పేసింది, దగ్గరికొస్తే గానీ అంకె కనపడదు. దిగి ఫొటో తీసుకున్నారు. ఫైన్ కట్టేయాలా, ఆ ఫొటో పెట్టి అడగాలా అన్నది ఆయన ఇంకా తేల్చుకోలేదు.